ముప్ఫై అంకెల కాపలా

మా వదిన ఇరవై రెండేళ్ళు తిమింగలాల మధ్య పనిచేసింది. ఒక్కదాన్నీ కళ్ళారా చూడలేదు. ఈ మాట ఎవరితో చెప్పినా కోతలు కోస్తున్నానంటారు. వదిననే అడిగితే, "తోక చూశానుగా, చాలదా?" అంటుంది. తోక చూసిన మాట నిజమే. వీపు చూసింది, నీళ్ళలో నీడ చూసింది, కంటి చివర నల్లటి గోడలాంటిదేదో కదిలిపోవడం చూసింది. ఎదురుగా, తల నుంచి తోక దాకా, తీరిగ్గా చూసింది మాత్రం లేదు. అలా చూస్తే ఆవిడ ఉద్యోగం ఆవిడ చెయ్యనట్టే.

ఆ ఉద్యోగమేమిటో తెలియాలంటే మా శిబిరం సంగతి చెప్పాలి. సముద్రం ఒడ్డున రెండంతస్తుల ఇల్లు, ఎనిమిది గదులు, వెనక పొడుగాటి ఈతకొలను, పక్కన రేకుల షెడ్డు. సిలిండరు గిలిండరు ఏమీ లేకుండా, ఊపిరి బిగబట్టి లోతుకి దిగడం నేర్పుతారిక్కడ. లోకంలో ఊరికే దొరికేది గాలి ఒక్కటే. దాన్ని వద్దనుకోవడానికి జనం సెలవులు పెట్టుకుని మరీ వస్తారు! వంటమనిషిని కాబట్టి నాకు వీళ్ళ మీద ఇంకో కోపం కూడా ఉంది. నీళ్ళలోకి దిగే ముందు కడుపు ఖాళీగా ఉండాలట. పొద్దున్నే లేచి నేను గుడ్లు ఉడికిస్తే, ఒక్క అరటిపండు తుంచి సగం తిని, సగం నాకే ఇచ్చి పోతారు.

ఏటా చలికాలంలో ఏడు వారాలు తిమింగలాలు మా తీరానికొస్తాయి. ఎక్కడో మంచు సముద్రాల నుంచి వేల మైళ్ళు ఈదుకుంటూ, తిండి కూడా మానేసి, వెచ్చటి నీళ్ళలో పిల్లల్ని కనడానికి వస్తాయి. ఆ ఏడు వారాలూ శిబిరం కిటకిటలాడుతుంది. పడవ తీసుకెళ్ళి దూరంగా ఇంజను ఆపేస్తారు. తిమింగలం వెంట పడకూడదు, దానికి బుద్ధి పుడితే అదే దగ్గరికి రావాలి. వస్తే, నేర్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరూ తాడు వెంట దిగి, ఓ నిమిషం పాటు దాని పక్కన ఉండి పైకొస్తారు.

వదిన పని కాపలా. దిగిన మనిషి తల నీళ్ళ బయట పెట్టిన క్షణం నుంచి ముప్ఫై లెక్కపెట్టేదాకా ఆ మొహం మీంచి చూపు తిప్పకూడదు. ప్రమాదం లోతులో ఉంటుందనుకుంటాం మనం. చాలాసార్లు పైకి వచ్చాక, హమ్మయ్య అనుకున్నాక జరుగుతుంది. కొత్తగా పీల్చిన గాలి తలకెక్కడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది. ఈలోగా పాత గాలి అయిపోయిందంటే మనిషి నవ్వుతూ నవ్వుతూనే స్పృహ తప్పి నీళ్ళలోకి జారిపోతాడు. అందుకని ఓ వరుస పెట్టారు. ముందు మూడు పెద్ద ఊపిర్లు, తర్వాత మాస్కు తీయడం, తర్వాత వేళ్ళతో సైగ, ఆ తర్వాత "నేను బాగున్నాను" అని నోటితో చెప్పడం. ఈ వరుసలో ఒక్కటి అటూ ఇటూ అయినా వదిన చెయ్యి అప్పటికే వాళ్ళ గడ్డం కింద ఉండేది. ఆమెకు వాళ్ళు పెట్టిన పేరు ముప్ఫై మేడమ్.

స్పృహ తప్పినవాళ్ళకు మొహం మీద ఊదాలి, బుగ్గ మీద తట్టాలి, పేరు పెట్టి పిలవాలి. ఆ మూడింటికే చాలామంది కళ్ళు తెరుస్తారు. చెవి అన్నిటికంటే ముందు మేలుకుంటుందని వదిన నమ్మకం. అయితే రిజిస్టర్లో రాసుకునే పేరు పనికిరాదంటుంది. ఇంట్లో చిన్నప్పుడు ఏమని పిలిచేవాళ్ళో అది కావాలి. మొదటి రోజే అందరినీ వరసగా కూర్చోబెట్టి రాసుకుంటుంది. ఓసారి పెద్ద ఆఫీసరొకాయన, "అందరూ నన్ను సార్ అనే పిలుస్తారండీ" అన్నాడు. "మీ అమ్మ కూడానా?" అంది వదిన. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, చివరికి గొంతు తగ్గించి చెప్పాడు. ఆ పేరు నాకు తెలుసు, చెప్పను.

మరి ఖాళీ రోజున వెళ్ళి చూడొచ్చుగా అంటారు. నేనూ అదే అన్నాను, ఇరవై రెండేళ్ళు అన్నాను. తిమింగలాలున్న రోజు పని ఉంటుంది, పని లేని రోజు అవి ఉండవు. రెండుసార్లు పనిగట్టుకుని వెళ్ళింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నీళ్ళలో నాని, చేతివేళ్ళు ముడతలు పడి తిరిగొచ్చింది. "ఎక్కడికి పోతాయే, వచ్చే ఏడు చూస్తాలే" అనేది. చూస్తూ చూస్తూ ఇరవై రెండు వచ్చే ఏడులు అయిపోయాయి.

ఈ సీజను మొదలయ్యే ముందు ఆమె కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. కంటి వెనక పొర పాడవుతోందట. కుడికంటికి అప్పటికే నడిమి భాగం మసక. చుట్టుపక్కలంతా కనిపిస్తుంది, సరిగ్గా ఎటు చూస్తే అక్కడ కనిపించదు. మనిషి వైపు చూస్తే చెవులు, జుట్టు, భుజాలు ఉంటాయి, మొహం ఉండదు. ఎడమకన్నుకీ ఇదే వస్తుంది, ఈ ఏడో వచ్చే ఏడో తెలియదు, మందుతో కొంచెం వెనక్కి నెట్టగలం అంతే అంది డాక్టరు. గళ్ళ కాగితం ఒకటిచ్చి, రోజూ ఒక కన్ను మూసుకుని దాన్ని చూడమంది. గీతలు తిన్నగా కనిపించినంత కాలం ఫరవాలేదు, వంగితే మాత్రం వెంటనే రమ్మంది.

ఆ కాగితం వారం తిరక్కుండానే ఎక్కడో పోయింది. అప్పటి నుంచి వదిన నా వంటగదిలోకొచ్చి, పొయ్యి వెనక గోడకున్న తెల్ల పలకల ముందు నిలబడి, అరచేత్తో కుడికన్ను మూసుకుని చూడటం మొదలుపెట్టింది. పలకల మధ్య సిమెంటు గీతలు ఆవిడ గళ్ళ కాగితం. నేను ఆ గోడను అంతకు ముందు వారానికోసారి కడిగేదాన్ని. ఇప్పుడు రోజూ కడగడం మొదలెట్టాను.

"తిన్నగా ఉన్నాయా?" అని అడిగేదాన్ని.

"నీ మాటలకంటే తిన్నగా ఉన్నాయి" అని వెళ్ళిపోయేది.

నేను మాత్రం రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. ఈ ఏడు వారాల్లో చూస్తే చూసినట్టు. ఆ తర్వాత తిమింగలం ఎదురుగా వచ్చి నిలబడ్డా వదినకు చుట్టూ నీళ్ళే కనిపిస్తాయి. నాకు పెళ్ళి అచ్చిరాక, పెట్టె పట్టుకుని అన్నయ్య గుమ్మంలో నిలబడిన రోజున, "లోపలికి రా, బట్టలు ఆ గదిలో సర్దుకో" అని తప్ప ఒక్క ప్రశ్న వేయలేదు ఆవిడ. ఆవిడ కోసం ఒక్కటంటే ఒక్క పని చేయాలని ఉండేది నాకు. ఆ పని ఇదేనని అప్పుడనిపించింది.

ఆ ఏడు తిమింగలాలు కూడా పంతం పట్టినట్టు ఆలస్యం చేశాయి. రెండు వారాలు ఒక్కటీ లేదు. వచ్చినవాళ్ళు కొలనులో మునిగి తేలుతూ, మెట్ల మీద కూర్చుని ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి నెట్టడం సాధన చేస్తూ, నా వంటను తిట్టుకుంటూ గడిపారు. అన్నయ్య షెడ్డులో కూర్చుని చిరిగిన రబ్బరు సూట్లకు జిగురు పెట్టి అతుకులేస్తూ ఉండేవాడు. ఆయన లోకం ఆయనది. మూడో వారంలో ఓ పొద్దున, పడవ నడిపే పెద్దాయన ఫోను చేసి, "వచ్చేశాయమ్మా!" అని ఒక్క మాట అని పెట్టేశాడు. నేను పొయ్యి కట్టేసి కిటికీ దగ్గరికి పరిగెత్తాను. చాలా దూరంలో నీటి ఆవిరి లేచి, గాలికి వంగి, మాయమైంది. ఇంకోటి లేచింది. గంట సేపు ఆ కిటికీ వదల్లేదు నేను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తిమింగలమంటే నాకు లెక్కలేదని అందరి దగ్గరా బడాయి పోయేదాన్ని మరి.

ఆ వారంలోనే శిక్షకుడి గొడవ జరిగింది. శిక్షకుడంటే ఈ శిబిరానికి పెద్ద దిక్కు, మంచివాడు, అరవై మీటర్లు దిగి కూడా చెమట పట్టనట్టు పైకొచ్చే మనిషి. ఆ రోజు ఓ తాడు దగ్గర ఆయన కాపలా, ఇరవై మీటర్ల దూరంలో ఇంకో తాడు దగ్గర వదిన కాపలా. ఓ పళ్ళ డాక్టరు, ఆరడుగుల మనిషి, ఇంట్లో చిన్నప్పటి పేరు బుజ్జులు, దిగి పైకొచ్చాడు. అప్పుడే వాళ్ళకు కాస్త అవతల ఓ తిమింగలం ఉన్నట్టుండి మొత్తం నీళ్ళలోంచి పైకి లేచింది. ఇల్లంత జంతువు గాల్లో ఓ క్షణం ఆగి, పక్కకు ఒరిగి పడితే సముద్రం రెండుగా చీలినట్టయిందట. శిక్షకుడు తల తిప్పాడు. పళ్ళ డాక్టరుకు ఏమీ కాలేదు, వరసగా అన్నీ చేశాడు, బాగున్నానని చెప్పాడు. వదిన మాత్రం తన మనిషి ముప్ఫై పూర్తయ్యాక ఇటు చూసింది, శిక్షకుడి మెడ అప్పుడే వెనక్కి తిరుగుతోంది.

సాయంత్రం భోజనాల గదిలో అందరి ముందూ అడిగింది. "ఎన్నో అంకె దగ్గర తల తిప్పావు?"

ఆయన పళ్ళెంలోకి చూస్తూ, "పదకొండు అక్కా" అన్నాడు.

"ఎన్నింటికి మళ్ళీ చూశావు?"

"పదమూడు... పద్నాలుగేమో."

"పదకొండు నుంచి పద్నాలుగు దాకా ఈ బుజ్జులు ఎవరి బిడ్డ?"

 పళ్ళ డాక్టరు పాపం కళ్ళు తుడుచుకున్నాడు. శిక్షకుణ్ణి మూడు రోజులు కాపలా నుంచి తప్పించింది వదిన. ఆయనే ఆవిడకు పై అధికారి, అయినా మాట విన్నాడు. ఆ మూడు రోజులూ నా వంటగదికొచ్చి ఉల్లిపాయలు తరిగాడు. బాగానే తరిగాడు.

సీజను ముగియడానికి ఇంకా పది రోజులుందనగా, ఓ పొద్దున వదిన గోడ ముందు మామూలు కంటే ఎక్కువ సేపు నిలబడింది. చెయ్యి తీసింది, మళ్ళీ పెట్టుకుంది. దగ్గరికెళ్ళి ఒక గీత మీద వేలు పెట్టి, పై నుంచి కింద దాకా మెల్లగా రాసింది.

"ఇది తిన్నగానే ఉందా?" అంది.

"తిన్నగానే ఉంది వదినా."

"నాకు ఇక్కడ చిన్న అల ఉన్నట్టుంది."

నేను గుడ్డ తీసుకుని ఆ గీతను మళ్ళీ తుడిచాను. ఆవిడ మాత్రం బయటికెళ్ళి, మెళ్ళో ఉన్న ఈల తీసి గుమ్మం పక్క మేకుకి తగిలించి, శిక్షకుణ్ణి పిలిచి, "ఇవాళ్టి నుంచి నేను కాపలా కాయను. ఇంకెవరినైనా చూసుకో" అని చెప్పేసింది. మధ్యాహ్నానికల్లా అన్నయ్య డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. కంట్లో సూది మందు వేశారు, నాలుగు రోజులు నీళ్ళు తగలనివ్వొద్దన్నారు, ఆ తర్వాత మీ ఇష్టమన్నారు. చూపు ఎన్నాళ్ళుంటుందో మాత్రం చెప్పలేమన్నారు.

తిరిగొచ్చాక నేను వదల్లేదు. "ఇప్పుడు పని లేదుగా. నాలుగు రోజులాగి వెళ్ళి తీరిగ్గా చూసిరా."

"నాకు కాపలా ఎవరు?" అంది.

ఎవరేమిటి, శిబిరమంతా లేచి నిలబడింది. శిక్షకుడు తానుంటానన్నాడు. పళ్ళ డాక్టరు సీజను చివరిదాకా ఉండిపోతానన్నాడు. అన్నయ్య కూడా జిగురు చేతులు తుడుచుకుంటూ, "నేనుంటాను" అన్నాడు.

"మీకు ఈత రాదుగా" అంది వదిన. తర్వాత మిగిలినవాళ్ళ వైపు తిరిగింది. "మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. కానీ మీ కళ్ళు నాకు తెలుసు. అది పైకొస్తే మీ చూపు అటే పోతుంది. పోకుండా ఉండదు. అందుకేగా మీరందరూ ఇక్కడికొచ్చారు!"  వదిన చుట్టూ చూసి, చివరికి గుమ్మంలో గరిట పట్టుకుని నిలబడ్డ నా దగ్గర ఆగింది. "దీనికైతే తిమింగలమంటే లెక్కలేదు. ఇదైతే చూడదు."

నా బడాయి నా మెడకే చుట్టుకుంది. ఇన్నాళ్ళూ కిటికీ దగ్గర గంటలు గంటలు నిలబడ్డానని అప్పుడు చెప్పానా, వదిన దిగదు. చెప్పకపోతే ఇంత దగ్గరికెళ్ళి కూడా నేను చూడకూడదు. రెండు నిమిషాలు తేల్చుకోలేకపోయానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. "సరే" అన్నాను.

ఈత నాకొచ్చు, వచ్చిన కొత్తల్లోనే వదిన బలవంతాన నేర్పింది. కాళ్ళ కింద లోతెంతో తెలిసే కొలనులో ఈత అది. కాపలా నేర్పడానికి కూడా కొలనులోకే దించింది. తను గట్టు మీద కూర్చుని ఊపిరి బిగబడుతుంది, వదులుతుంది. నేను నీళ్ళ మీద తేలే రబ్బరు ఫ్లోటు పట్టుకుని ఆ మొహాన్నే చూస్తూ ముప్ఫై లెక్కపెట్టాలి. ముప్ఫై అంటే ఎంత, అనుకున్నాను. ఎనిమిది దగ్గరికొచ్చేసరికి నా వెనక పళ్ళ డాక్టరు గాజు పళ్ళెమొకటి గచ్చు మీద పడేశాడు. నా పళ్ళెం! తల తిప్పాను.

"నేను పోయాను" అంది వదిన నెమ్మదిగా. "మళ్ళీ."

రెండోసారి అన్నయ్య, "ఏదో మాడుతున్న వాసన వస్తోందే" అన్నాడు. ఇన్నేళ్ళుగా వంటమనిషిని, మాడు మాట వింటే మెడ దానంతటదే తిరుగుతుంది. మళ్ళీ పోయింది. మూడు రోజుల్లో మా వదినను పదకొండుసార్లు చంపాను. నాలుగో రోజున నా వెనక శిక్షకుడు నిజంగానే గిన్నె మాడబెట్టాడు. పొగ నా ముక్కుకి తెలుస్తూనే ఉంది. నేను వదిన పెదాల వైపే చూస్తూ, పళ్ళు నూరుకుంటూ, ముప్ఫై దాకా వెళ్ళాను. అప్పుడు వదిన నవ్వింది. ఆ గిన్నె మళ్ళీ పనికిరాలేదు.

ఊదడం, తట్టడం కూడా నేర్పింది. "మరి ఏమని పిలుస్తావు నన్ను?" అని అడిగింది. ఆవిడను చిన్నప్పుడు ఏమని పిలిచేవాళ్ళో నాకు తెలియదు, పిలిచినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. "వదినా అనే పిలుస్తాను" అన్నాను. వదిన "సరిపోతుంది" అంది.

ఐదో రోజు నుంచి పడవెక్కాను. ఇన్నేళ్ళలో నేను పడవెక్కడం అదే మొదలు. నాకు మాస్కు ఇవ్వలేదు వదిన. "మాస్కుంటే కిందికి చూస్తావు. కిందికి చూస్తే లోతు చూసి బిగుసుకుపోతావు. లోపల నన్ను శిక్షకుడు చూసుకుంటాడు. నీ పని నా తల బయటికొచ్చాక" అంది. ఆ రోజు తిమింగలాలు రాలేదు. ఆరో రోజు దూరంగా కనిపించి వెళ్ళిపోయాయి. ఏడో రోజు గాలి ఎక్కువై పడవ కదల్లేదు. ఎనిమిదో రోజు ఎండకి నా ముక్కు మీద తోలు ఊడిందే తప్ప ఇంకేమీ కాలేదు. వదిన పొద్దున్నే గోడ ముందు మాత్రం ఇంకా ఎక్కువ సేపు నిలబడుతోంది.

తొమ్మిదో రోజు సముద్రం కదలకుండా ఉంది. పడవ పెద్దాయన ఇంజను ఆపి, నన్ను పిలిచి, చెక్క మీద అరచెయ్యి పెట్టమన్నాడు. పెట్టాను. పడవ అడుగు నుంచి సన్నగా ఓ వణుకు చేతిలోకెక్కింది. అది ఆగింది, మళ్ళీ మొదలైంది. "పాడుతోంది" అన్నాడాయన. "ఎక్కడో మైలు దూరంలో మగది." నీళ్ళలోకి దిగాక ఆ పాట నా పక్కటెముకల్లో వినిపించింది. చెవితో కాదు. ఒంట్లో నాకు తెలియకుండా ఇన్ని గదులున్నాయా, అన్నిటి తలుపులూ ఒకేసారి ఎవరో తడుతున్నారా అనిపించింది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో చెప్పలేను. వదిన నా వైపు చూసి, "నీ పని గుర్తుందా?" అంది.

"గుర్తుంది."

"నా మొహం. ఇంకేదీ కాదు."

తల్లీ పిల్లా మా కిందే ఉన్నాయని శిక్షకుడు నీళ్ళలో తల పెట్టి చూసి చెప్పాడు. తల్లి పద్దెనిమిది మీటర్ల దగ్గర కదలకుండా పడుకుని ఉందట, పిల్ల దాని గడ్డం కింద. పిల్ల నాలుగు నిమిషాలకోసారి ఊపిరికి పైకొస్తుంది, తల్లి పావుగంటకోసారి. పిల్ల ఒకసారి పైకొచ్చింది కూడా. నా ఎడమ పక్క ఎక్కడో తుమ్ములాంటి చిన్న చప్పుడైంది. నేను వదినను చూస్తున్నాను. వదిన వెల్లకిలా పడుకుని ఊపిరి తీసుకుంటోంది, మెల్లగా, మెల్లగా, ఆఖరికి ఓ పెద్ద ఊపిరి. బోర్లా తిరిగి, నడుము దగ్గర వంగి, చప్పుడు లేకుండా మునిగిపోయింది. యాభై ఆరేళ్ళ మనిషి.

ఒక నిమిషం నలభై సెకన్లలో వస్తానని చెప్పి వెళ్ళింది. పడవలోంచి పెద్దాయన గడియారం చూసి అరుస్తున్నాడు. "ముప్పావు నిమిషం!" అన్నప్పుడు, ఎదురెళ్ళి తీసుకురావడానికి శిక్షకుడు దిగాడు. నీళ్ళ మీద నేనూ, ఫ్లోటూ మిగిలాం. "ఒకటి!" అన్నాడు. "ఒకటిన్నర!" అన్నాడు. ఒకటీ నలభై అయింది. తాడు కదల్లేదు. "ఒకటీ యాభై!" అన్నప్పుడు ఆయన గొంతు మారింది. వంగి చూడాలని ఉంది, మాస్కు లేదు. "రెండు!" అన్నాడు. లోతులో చెప్పిన దానికంటే ఒక్క క్షణం ఎక్కువ ఉండొద్దని ఇరవై రెండేళ్ళుగా అందరి మీదా అరిచిన మనిషి ఈవిడేనా అని నాకు భయంలోంచి కోపం వచ్చింది. రెండూ పది దగ్గర, రెండు తలలు ఒకేసారి బయటికొచ్చాయి.

ఒకటి. వదిన ఫ్లోటు పట్టుకుంది. రెండు, మూడు. ఊపిరి పీల్చింది, మళ్ళీ పీల్చింది. నాలుగు. అప్పుడు నా వెనక సముద్రం లేచింది. నన్నూ ఫ్లోటునూ పైకెత్తి దించింది. ఓ పెద్ద కొలిమి తెరిచినట్టు, నా మెడ మీదే తెరిచినట్టు, ఊపిరి చప్పుడు. తల్లి. వెచ్చటి తుంపర నా జుట్టు మీద, చెవుల మీద పడింది. పచ్చి చేపల వాసన. పడవలో అందరూ కేకలు పెట్టారు. శిక్షకుడు వదిన పక్కనే ఉన్నాడు, ఆయన చూపు నా తల మీంచి వెళ్ళిపోయింది. ఐదు, ఆరు. వదిన వేళ్ళతో సైగ చేసి నవ్వింది.

మాస్కు తీయలేదు. మాస్కు తీయకుండా సైగ చేసింది. ఏడు. నేను చెయ్యి చాచి గడ్డం కింద పట్టుకున్నాను. ఎనిమిది. మాస్కు అద్దం వెనక కళ్ళు తెరిచే ఉన్నాయి, చూడటం లేదు. పెదాలు నీలం. తొమ్మిదికి తల నా చేతిలో బరువెక్కింది.

"పట్టుకోండి!" అని అరిచాను. శిక్షకుడు ఉలిక్కిపడి ఆవిడ భుజాల కింద చేతులేశాడు. నేను మాస్కు లాగేసి, మొహం మీద ఊదాను. బుగ్గ మీద తట్టాను. "వదినా" అన్నాను. లేదు. మళ్ళీ ఊదాను. "వదినా!" లేదు. నా వెనక పిల్ల తోకతో నీళ్ళు కొడుతోంది. తల్లి మళ్ళీ ఊపిరి వదిలింది, ఇంకా దగ్గరగా. "వదినా, ఊపిరి పీల్చు. పీల్చు వదినా. నేను ఇక్కడే ఉన్నాను, పీల్చు!"

గొంతులో ఏదో తెగినట్టు శబ్దం చేసి పీల్చింది. దగ్గింది, మళ్ళీ పీల్చింది. కళ్ళలోకి మనిషి తిరిగొచ్చింది. నన్ను చూసింది.

"ఎంతయింది?" అంది.

"ఇరవై ఒకటి."

"మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టు."

మొదలుపెట్టాను. పైకే లెక్కపెట్టాను, ఏడుస్తూ లెక్కపెట్టాను. నా వెనక ఆ జంతువు ఉంది, చెయ్యి వెనక్కి చాపితే అందుతుందన్నంత దగ్గరగా ఉంది. దాని నీడ నీళ్ళ మీద మా ఇద్దరినీ దాటి పడింది. వదిన పెదాల మీదకి రంగు తిరిగొచ్చింది, ముందు మధ్యలో, తర్వాత చివరల దాకా. పన్నెండు దగ్గర ఆవిడ కళ్ళు నా భుజం మీంచి పైకెళ్ళాయి, ఇంకా పైకెళ్ళాయి. నోరు తెరుచుకుంది. ఆ మొహంలో యాభై ఆరేళ్ళు లేవు, జబ్బు కన్ను లేదు, భయం లేదు. పుట్టిన పిల్లలు దీపం వైపు చూస్తారే, అలా చూస్తోంది. అంత నిండుగా ఉన్న మొహాన్ని నేను నా జన్మలో చూడలేదు. చూపు తిప్పమన్నా తిప్పలేకపోయేదాన్ని. ఇరవై తొమ్మిది. ముప్ఫై.

"అంత సేపు ఎందుకున్నావు?" అన్నాను, కోపంతో నా పళ్ళు టకటకలాడుతున్నాయి. "చచ్చిపోదామనుకున్నావా?"

"దాని కన్ను తెరుచుకుంది" అంది వదిన. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "నేను కదిలితే అది కదిలింది, నేను ఆగితే ఆగింది. నేనెలా ఉన్నానో చూస్తోందే. ఒక్క క్షణం కూడా వదలకుండా నన్నే చూస్తోంది. నన్నలా ఎవరు చూశారు ఇన్నేళ్ళలో? పైకి రాబుద్ధి కాలేదు."

"ఇంకోసారి అలా చేస్తే నేనే ముంచేస్తాను" అన్నాను. ఆవిడ నా మెడ చుట్టూ చెయ్యి వేసింది. అలాగే ఇద్దరం ఫ్లోటు పట్టుకుని, శిక్షకుడు వెనక నుంచి నెడుతుంటే, పడవ దగ్గరికొచ్చాం.

పడవ పెద్దాయన ముందు వదినను లాగి, దుప్పటి కప్పి, తర్వాత నా చెయ్యి పట్టి పైకి లాగాడు. ఆయన కళ్ళనిండా నీళ్ళు. "నలభై ఏళ్ళ నుంచి ఈ సముద్రం మీదున్నానమ్మా, అంత దగ్గరికి రావడం నేనెప్పుడూ చూడలేదు. నీ వెనకే, మూరెడు దూరంలో. ఎలా ఉంది, చూశావా?" అన్నాడు. చూడలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు.